కొన్ని ఫొటోలు మాత్రం ఎందుకు కనిపించడం లేదు?

మొక్కలపాఠం:
విద్యార్థుల కోసం వృక్షశాస్త్ర పాఠం ఒకటి వెబ్ పేజీగా తయారు చేశాను. నా మ్యాక్‌లో, సఫారీలో తెరిస్తే ఫొటోలన్నీ వస్తున్నాయి. సర్వర్‌లోకి ఎక్కించి తరగతి గదిలోని కంప్యూటర్‌లో, క్రోమ్‌లో చూస్తే ఆకు, కాండం ఉన్నాయి. పువ్వు, గింజ లేవు. ఆ చోట విరిగిన బొమ్మ గుర్తు, ఫొటోలో ఏముందో చెబుతూ నేను రాసిన ఆల్ట్ వాక్యం మాత్రమే ఉన్నాయి. సోమవారం పాఠం చెప్పాలి. దయచేసి సాయం చేయండి.

చిరుజల్లు:
క్యాష్ (బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలు) తుడిచి, యాడ్ బ్లాకర్ ఆపి చూడండి.

మొక్కలపాఠం:
రెండూ చేశాను, తేడా లేదండీ. ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ అంతే.

నిదానం:
వేరే పరికరంలోనూ రావడం లేదంటే క్యాష్‌ను అనుమానించనక్కర లేదు. ఎవరు అడిగినా ముందు క్యాష్ తుడవమనడం నాకు నచ్చదు. రోగి నాడి చూడకుండా మందు రాసినట్టే. క్రోమ్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, పేజీని మళ్లీ లోడ్ చేయండి. ఆ రెండు ఫొటోల వరుసల్లో స్టేటస్ కింద ఏ అంకె ఉంది? 404 అయితే ఆ చిరునామాలో ఫైలు లేదు. 403 అయితే సర్వర్ ఇవ్వనంటోంది. 200 వచ్చినా బొమ్మ లేదంటే, ఫైలు చేరింది కానీ బ్రౌజర్‌కు అది అర్థం కాలేదు.

మొక్కలపాఠం:
పువ్వుకు 404, గింజకు 200!

నిదానం:
అయితే ఇవి రెండు వేర్వేరు సమస్యలు.

పువ్వు సంగతి: ఫైలు పేరు చివర జేపీజీ అన్నది పెద్ద అక్షరాల్లో ఉందేమో చూడండి. చాలా కెమెరాలు అలాగే పెడతాయి. పేజీలో మీరు చిన్న అక్షరాల్లో రాసి ఉంటారు. మ్యాక్, విండోస్ మామూలుగా ఆ తేడాను పట్టించుకోవు. లినక్స్ సర్వర్‌కు మాత్రం అవి రెండు వేరే ఫైళ్లు. రెండు చోట్లా ఒకేలా రాస్తే చాలు.

గింజ ఫొటో ఐఫోన్‌తో తీసిందా? 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి, కొత్త ఐఫోన్లు ఫొటోలను హెచ్ఈఐసీ ఫార్మాట్‌లో దాస్తున్నాయి. సఫారీ 17 నుంచి దాన్ని చూపిస్తుంది, క్రోమ్ చూపించదు. పేరు చివర జేపీజీ అని మార్చినంత మాత్రాన లోపలి ఫార్మాట్ మారదు. మ్యాక్‌లోని ప్రివ్యూ యాప్‌లో తెరిచి, ఫైల్ మెనూలోని ఎక్స్‌పోర్ట్‌తో జేపెగ్‌గా (జేపీజీ అన్నా అదే) భద్రపరచి మళ్లీ ఎక్కించండి.

ఆల్ట్ వాక్యాలు రాయడం ఎంతో మంచి పని. చూపు లేని విద్యార్థులకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించేది వాటినే. ఫొటోలు సరిపోయాక వాటిని తీసేయకండి.

మొక్కలపాఠం:
గింజ ఐఫోన్ ఫొటోయే, పేరు నేనే మార్చాను. ఇప్పుడు ఫోన్‌లో నాలుగూ వస్తున్నాయి. ధన్యవాదాలండీ! ఆల్ట్ వాక్యాలు అలాగే ఉంచుతాను.