వీనోగ్రామ్ నివేదికలోని ‘సైనస్’: కోటరమా, సరణియా?

ఎం.ఆర్. వీనోగ్రామ్ (మెదడులోని సిరలను చూపే ఎం.ఆర్.ఐ. స్కాన్) నివేదికలోని ‘సిగ్మాయిడ్ సైనస్’ను తెలుగులో ‘కోటరం’ అనవచ్చునా అని ఒక ప్రశ్న వచ్చింది. అనకూడదని నా అభిప్రాయం. ‘నాకు సైనస్ ఉంది’ అని మనవాళ్లు చెప్పుకొనే సైనస్ ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గది గనుక, దానికి చెట్టుతొర్రను సూచించే కోటరం చక్కగా అమరుతుంది. కపాల పీఠం దగ్గరి సైనస్ అటువంటిది కాదు. మెదడును కప్పి ఉంచే వరాశిక (డ్యూరా మేటర్) పొరల నడుమ, కవాటాలు గాని కండరపు గోడ గాని లేకుండా సాగే రక్తమార్గమది. మెదడు నుంచి మరలివచ్చే రక్తం తల వెనుక అడ్డంగా సాగే ట్రాన్స్‌వర్స్ సైనస్ గుండా వచ్చి, చెవి వెనుక ఎముక లోపలివైపున ‘ఎస్’ ఆకారంలో ఒంపు తిరిగి (ఈ ఒంపే సిగ్మాయిడ్ సైనస్), కపాలం అడుగున ఉండే జుగులర్ రంధ్రం దగ్గర మెడలోని పెద్ద సిరలో కలుస్తుంది. సరణి అంటే దారి; కప్ప గుండె పాఠంలో మనం చదువుకున్న ‘సిరాసరణి’ (సైనస్ వీనోసస్) ఉండనే ఉంది కాబట్టి, దీనిని ‘వరాశికా సరణి’ అనడం మేలు.

ప్రవాహాన్ని సూచించే మాటే కావాలనడానికి మరో కారణం ఉంది. రంగుమందు ఎక్కించకుండా తీసే ‘టైమ్ ఆఫ్ ఫ్లైట్’ పద్ధతిలో తెల్లగా కనబడేది కదిలే రక్తమే. అది నెమ్మదిగా పారినా, చిత్రం తీసే తలానికి సమాంతరంగా పారినా అక్కడ ఖాళీ ఉన్నట్టు కనిపిస్తుంది. ఎడమ ట్రాన్స్‌వర్స్ సైనస్ చాలామందిలో పుట్టుకతోనే సన్నగా ఉంటుంది కనుక, అక్కడ ఖాళీ కనబడినంత మాత్రాన రక్తపు గడ్డ ఉందని తేల్చక, రంగుమందుతో తీసిన చిత్రంతోనో సి.టి. వీనోగ్రామ్‌తోనో సరిచూస్తారు. అందుచేత ‘ప్రవాహ సంకేతం కనబడలేదు’ అన్న వాక్యాన్ని ‘మూసుకుపోయింది’ అని అనువదించడం పెద్ద పొరపాటు.

పీయూష గ్రంథికి ఇరువైపులా ఉండే కావర్నస్ సైనస్ దగ్గర మాత్రం నా ‘సరణి’ అంతగా పొసగదు. అంతర కెరోటిడ్ ధమని, ఆరవ కపాల నాడి దాని నడుమ నుంచే వెళతాయి. 18వ శతాబ్దంలో పారిస్‌లో పనిచేసిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త విన్‌స్లో దాని గుల్ల స్వభావాన్ని చూసే ఆ పేరు పెట్టాడు. దానిని కోటరమన్నా నాకు అభ్యంతరం లేదు.

వాడుకలో సిరకూ నాడికీ రెండింటికీ చెల్లే ‘నరం’ అనే మాటను మాత్రం ఇక్కడ పూర్తిగా విడిచిపెట్టాలి. జుగులర్ రంధ్రంలో సిరతోపాటు 9, 10, 11 కపాల నాడులు కూడా ఉంటాయి. ‘రంధ్రం దగ్గర నరం ఉబ్బింది’ అని రాస్తే ఉబ్బినది సిరో నాడో చదివేవారికి తెలియదు.