‘జంతుతతికిన్’: ధూర్జటి చెంచును జంతువుల్లో కలిపేశాడా?

వేళచ్చేరి నుంచి:
మా అపార్ట్‌మెంట్ పిల్లలకు ఆదివారాలు తెలుగు చెబుతుంటాను. ఈ వారం శ్రీకాళహస్తీశ్వర శతకంలో పద్యం.

ఏ వేదంబు పఠించె లూత? భుజగం బే శాస్త్రముల్సూచె? తా
నే విద్యాభ్యసనం బొనర్చె కరి? చెంచే మంత్ర మూహించె? బో
ధావిర్భావ నిదానముల్ చదువులయ్యా? కావు, మీ పాద సం
సేవాసక్తియె కాక జంతుతతికిన్ శ్రీకాళహస్తీశ్వరా!

మూడో పాదం దాకా హాయిగా సాగింది. ‘జంతుతతికిన్’ దగ్గర తొమ్మిదో తరగతి పిల్లాడు లేచాడు. “ఆంటీ, ఏనుగు జంతువు. సాలీడు పురుగు. పాము పామే. చెంచు అంటే మనిషి కదా! అందరినీ కలిపి జంతువులంటే ఎలా?” అన్నాడు. ఛందస్సు కోసం వేసిన మాటా ఇది? ఆ చెంచు తిన్నణ్ణి తక్కువ చేయడం మాత్రం కాదు కదా?

మైలాపూరు నుంచి:
ఛందస్సు మీద నెపం పెట్టకండమ్మా. ఇది శార్దూలం. ‘జంతు’ ఉన్నచోట ఒక గురువు, ఒక లఘువు కావాలి. ‘జీవతతికిన్’ అన్నా గణాలు చెడవు. అక్కడ యతీ లేదు, ప్రాసా లేదు. యతి ఆ తర్వాత ‘శ్రీ’ దగ్గర పడుతుంది. అంటే ‘జీవ’ అనే వీలుండీ ‘జంతు’ అన్నాడు.

సంస్కృతంలో ‘జన్’ ధాతువు నుంచి వచ్చిన మాట ఇది, పుట్టినది అని అర్థం. వివేకచూడామణిలో ‘జంతూనాం నరజన్మ దుర్లభం’ అంటే జంతువుల్లో నరుడుగా పుట్టడం అరుదు అనేగా? నరుడు ఆ లెక్కలోనే ఉన్నాడు. కాబట్టి తిన్నడికి వచ్చిన చిన్నతనం ఏమీ లేదు. పద్యంలో చురక ఎవరికైనా తగిలితే అది బాగా చదువుకున్నామనుకునే మనకే.

అన్నానగర్ నుంచి:
జువాలజీ చెప్పి రిటైరైనవాణ్ణి, రెండు మాటలు చెప్పనివ్వండి. ఈ విషయంలో సైన్సు కూడా ధూర్జటి పక్షమే అని ఆ పిల్లాడికి చెప్పండి.

ఒకదాన్ని జంతువు అనడానికి మేం కాళ్లు లెక్కపెట్టం, బొచ్చు చూడం. ఒంట్లో చాలా కణాలుండాలి, వాటికి కేంద్రకం ఉండాలి. చెట్టు కణాలకు ఉన్నట్టు చుట్టూ గట్టి కణకవచం ఉండకూడదు. తన తిండి తాను తయారు చేసుకోలేక ఇంకో జీవి మీద ఆధారపడాలి. పుట్టగొడుగు కూడా అలాగే బతుకుతుంది కదా అంటారేమో. అది తిండిని బయటే కరిగించి పీల్చుకుంటుంది, పైగా దానికి కణకవచం ఉంది. పిండంలోనూ ఒక గుర్తు ఉంది: అండం చీలుతూ పోయి, చాలా జంతువుల్లో ఒక దశలో లోపల డొల్లగా ఉండే కణాల బంతిలా తయారవుతుంది. బ్లాస్టులా అంటాం.

కదలడాన్ని గుర్తుగా పట్టుకుంటే చిక్కే. స్పంజిక లార్వాగా ఉన్నప్పుడు ఈదుతుంది, పెద్దయ్యాక రాతికి అంటుకుని అక్కడే ఉండిపోతుంది. అయినా జంతువే. మెల్లగా పాకే అమీబా మాత్రం కాదు, దానికి ఉన్నది ఒకే కణం. మా చదువు రోజుల్లో ప్రోటోజోవా పేరుతో దాన్నీ జంతువుల్లోనే చెప్పేవారు. 1969లో విట్టేకర్ ప్రతిపాదించిన అయిదు రాజ్యాల పద్ధతిలో అది ప్రొటిస్టాలోకి, అంటే ఎక్కువగా ఏకకణ జీవులుండే రాజ్యంలోకి పోయింది.

ఇక పద్యంలోని భక్తులు. పాము, ఏనుగు, చెంచు ముగ్గురూ కార్డేటా, వెన్నెముక ఉన్నవాళ్లు. వాళ్లలో ఏనుగు, చెంచు క్షీరదాలు. సాలీడు ఆర్థ్రోపోడా, అంటే కీళ్లకాళ్ల జీవి, అందరికీ దూరపు చుట్టం. ధూర్జటి వర్గీకరణ చేశాడని నేననను. శ్రీ అంటే సాలీడు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు; ఊరి పేరులోని వరుసే పద్యంలోకి వచ్చింది.

సాలీడు పురుగే అన్న పిల్లాణ్ణి కోప్పడకండి. జీవుల వర్గీకరణకు పునాది వేసిన లినేయస్ అంతటివాడు 1758లో సాలీళ్లను కీటకాల్లోనే కలిపాడు. పాముల్ని కప్పలతో పాటు ఉభయచరాల్లో వేశాడు. సాలీళ్లను తర్వాత లామార్క్ విడదీశాడు. కీటకానికి ఆరు కాళ్లు, మూడు భాగాల ఒళ్లు, తల మీద మీసాలు. సాలీడుకు ఎనిమిది కాళ్లు, రెండే భాగాలు, మీసాలు లేవు, రెక్కలు లేవు. గోడ మీద కనబడితే పిల్లల చేత లెక్కపెట్టించండి. నోటి పక్కన పొట్టిగా ఒక జత ఉంటుంది. దాన్నీ కాళ్ల కింద కలిపేసి పది అంటారు, జాగ్రత్త.

పెరంబూరు నుంచి:
నేను తమిళంలో చదువుకున్నాను సార్. తొల్కాప్పియం అనే పాత తమిళ వ్యాకరణ గ్రంథంలో మరబియల్ అని ఒక భాగం ఉంది. అందులో జీవుల్ని ఇంద్రియాల లెక్కన విడదీస్తారు. గడ్డికీ చెట్టుకూ స్పర్శ ఒక్కటే. నత్త లాంటి వాటికి రెండు, చెదలకూ చీమకూ మూడు, ఎండ్రకాయకూ తుమ్మెదకూ నాలుగు, పశువులకు అయిదు. మనిషికి మనసుతో కలిపి ఆరు. అక్కడ మనిషిది వేరే మెట్టు. మా తమిళ అయ్య ఇది బట్టీ పెట్టించారు.

అన్నానగర్ నుంచి:
బాగా గుర్తు చేశారు. అంత పాత రోజుల్లో చెట్టుకు స్పర్శ ఉందనడం గొప్ప సంగతే. ఇంద్రియాల లెక్క ఒక పద్ధతి, చుట్టరికాల లెక్క ఇంకో పద్ధతి. మా లెక్కలో చీమా తుమ్మెదా దగ్గర బంధువులు, చెదలు బొద్దింక వైపు పోతాయి. పేరు చూసి చుట్టరికం కలపకూడదు కూడా. పాక్ జలసంధిలో ఉండే కడల్ పసు పేరుకు సముద్రపు ఆవు, వంశం చూస్తే ఏనుగుకు దగ్గర.

అంబత్తూరు నుంచి:
మీరెన్ని చెప్పినా, కోయంబేడు బస్టాండులో ఎవణ్ణయినా జంతువు అని చూడండి, ఊరుకుంటాడేమో!

మైలాపూరు నుంచి:
ఊరుకోడు. వ్యవహారంలో జంతువంటే నాలుగు కాళ్లదే. పిట్టను, చేపను, పురుగును అందులో కలపం. అందుకే పశుపక్ష్యాదులు, క్రిమికీటకాలు అని మాటలు కలుపుకుంటూ పోతాం. ఇంట్లో చీమను జంతువు అనమని అన్నానగర్ సారు కూడా అనరులెండి. తాత్పర్యంలో మాత్రం ‘ప్రాణులకు’ అని రాయించండమ్మా. ‘జంతువుల సమూహానికి’ అని రాయిస్తే ప్రతి ఏడూ ఎవడో ఒకడు లేస్తాడు.

వేళచ్చేరి నుంచి:
ప్రాణులకు అనే రాయించాను మాస్టారూ. చెట్టు ప్రాణి కాదా అంటున్నాడు ఇప్పుడు.

అన్నానగర్ నుంచి:
జీవి అనండి. జంతువు ఎందుకు కాదంటే కణకవచం సంగతి చెప్పండి. ఇంకా వదలకపోతే నా నంబరివ్వండి.