మునగాకు ప్యాచ్: ఒకసారి పెళుసు, ఒకసారి జిగట

కాకినాడ_బీఫార్మసీ
చివరి ఏడాది ప్రాజెక్టుకు మునగాకు సారంతో చర్మానికి అంటించే యాంటీఆక్సిడెంట్ ప్యాచ్ చేస్తున్నాం. నీడన ఆరబెట్టిన ఆకుపొడిని 70 శాతం ఇథనాల్‌లో నానబెట్టి, వడగట్టి, ఇగిర్చాం. యాంటీఆక్సిడెంట్ గుణాన్ని రంగు మార్పుతో చూపే డీపీపీహెచ్ పరీక్షలో ఊదారంగు చక్కగా పసుపుకు తిరిగింది. 9 సెంటీమీటర్ల పెట్రీ డిష్‌కు 1 గ్రాము హెచ్‌పీఎంసీ (పొర కట్టే పాలిమర్), 500 మిల్లీగ్రాముల సారం. మెత్తదనానికి వేసే గ్లిజరిన్ తగ్గిస్తే పొర విరిగిపోతోంది, పెంచితే డిష్‌ను వదలడం లేదు. పైగా ఆకుపచ్చ చుక్కలు. శీర్షికలో ‘ట్రాన్స్‌డెర్మల్’ అని పెట్టవచ్చా?

గుళికల_గది
ముందు చుక్కల సంగతి. అది పత్రహరితం. ఇథనాల్‌లో కరిగింది, నీళ్లలో ఉన్న హెచ్‌పీఎంసీలో పడగానే విడిపోయింది. నానబెట్టే ముందే ఆకుపొడిని పెట్రోలియం ఈథర్‌తో కడగండి; మైనం, కొంత పచ్చదనం పోతాయి. ఈథర్ దగ్గర బర్నర్ వెలిగించకూడదని చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను.

జిగటకు గ్లిజరిన్ ఒక్కటే కారణం కాదు. ఆకుసారంలోని చక్కెరలు కూడా తేమను లాగుతాయి. మీ ఊరి సముద్రపు గాలికి ఆ పొర వానాకాలపు బెల్లంలా అవుతుంది. గ్లిజరిన్ బదులు పెగ్ 400 (పొరను మెత్తబరిచే మరో ద్రవం) తీసుకుని, పాలిమర్ బరువులో 20 శాతంతో మొదలుపెట్టండి. ఆరిన పొరను డెసికేటర్‌లో, అంటే తేమ తగలని మూత పాత్రలో దాచండి.

శీర్షిక విషయంలో నాది గట్టి అభిప్రాయం. ట్రాన్స్‌డెర్మల్ అంటే మందు చర్మం దాటి రక్తంలో కలవాలి. 1979లో అమెరికాలో అనుమతి పొందిన స్కోపాలమిన్ ప్యాచ్ చేసే పని అది. మీ సారం పని చర్మంలోనే. ‘టాపికల్ ప్యాచ్’ (చర్మం వరకే పనిచేసేది) అనండి, వైవాలో సగం చిక్కులు తప్పుతాయి.

అసలు ప్రశ్న వేరే ఉంది. మీ డిష్ వైశాల్యం దాదాపు 63.6 చదరపు సెంటీమీటర్లు. 2×2 సెంటీమీటర్ల ముక్కలో ఉండేది 31 మిల్లీగ్రాముల సారం. అందులో యాంటీఆక్సిడెంట్ అయిన క్వెర్సెటిన్ ఎంత? 500 డాల్టన్లు (అణుభారపు కొలత) దాటిన అణువులు చర్మంలోకి దిగడం కష్టమని మీ పాఠాల్లోనే ఉంటుంది. క్వెర్సెటిన్ 302, పరవాలేదు. కానీ ఆకులో అది ఎక్కువగా చక్కెరతో జతకట్టి ఉంటుంది, బరువు పెరుగుతుంది. పరీక్షనాళికలో రంగు మారడం సారం గుణాన్ని చెబుతుంది. ప్యాచ్ గురించి ఏమీ చెప్పదు.

కాకినాడ_బీఫార్మసీ
ధన్యవాదాలు సార్. ప్యాచ్ నుంచి సారం ఎంత బయటికి వస్తుందో చూసే విడుదల పరీక్షకు మాకు ఎలుక చర్మం దొరకదు. మా చేతులకే అంటించి చూద్దామని ఒక స్నేహితుడు అంటున్నాడు.

ల్యాబ్_మేడమ్
వద్దు నాన్నా. మనుషుల మీద ప్రయోగానికి ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, మీ స్నేహితుడి ఉత్సాహం చాలదు. కోడిగుడ్డు పెంకును పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే లోపలి పొర మిగులుతుంది. దాన్ని కడిగి ఫ్రాంజ్ సెల్‌లో (పొర గుండా కిందికి ఎంత దిగిందో కొలిచే గాజు పాత్ర) బిగించండి. కింద 7.4 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్, 32 డిగ్రీలు. గుడ్డు పొరకు మన చర్మంపై ఉండే మృతకణాల అడ్డుగోడ లేదు, కాబట్టి ‘చర్మాన్ని దాటింది’ అని రాయకండి. ‘ప్యాచ్ నుంచి విడుదలైంది’ అనడం వరకే మీ హక్కు.

గంటగంటకూ తీసిన నమూనాలకే డీపీపీహెచ్ చేసి, 517 నానోమీటర్ల కాంతి దగ్గర రంగు ఎంత తగ్గిందో చూడండి. సారం కలపని ఖాళీ ప్యాచ్‌ను కూడా పక్కనే నడపండి. సారం సొంత రంగును తీసివేయడానికి డీపీపీహెచ్ లేని బ్లాంక్ (పోలిక నమూనా) పెట్టుకోండి. పచ్చటి నమూనాలతో ఇది వదిలేస్తే అంకెలన్నీ తప్పుతాయి.