ఒకే మార్ట్, ఊరికో రేటు, ర్యాక్ మీద ఒకటి బిల్లులో ఒకటి... ఇదేం లెక్కన్నా?

సీక్యాంపు_నివాసి (కర్నూలు):

అన్నా, అక్కా, ఎవరికన్నా తెలిస్తే రొంత చెప్పండి. నేనుండేది కర్నూలు సీ క్యాంపు దగ్గర, మా అక్కవాళ్ళు అనంతపురం. రెండు ఊర్లలోనూ ఒకే పేరు మీద డిస్కౌంట్ మార్ట్ ఉంది, పేరెందుకులెండి మళ్ళ గొడవ. పోయిన నెల ఇద్దరం ఒకే ఆదివారం సరుకులకు పోయినాం. రాత్రి అక్క వాట్సాప్‌లో బిల్లు ఫోటో పెట్టి "నాలుగువేల తొమ్మిదొందలైందిరా, ఏం కొన్నానో నాకే తెలీలేదు" అని రాసింది. నేను ఊరకుండక నా బిల్లు తీసి పక్కన పెట్టుకుని ఒక్కొక్క లైను చూసినా. ఆ రాత్రి నిద్ర పట్టల్యా.

సన్‌ఫ్లవర్ నూనె లీటరు ప్యాకెట్, అదే కంపెనీ, ఎమ్మార్పీ రెండుచోట్లా 178. నాకు 152 వేసినారు, అక్కకు 159. చక్కెర నాకు 44, అక్కకు 42. సబ్బుపొడి అక్కకు పదకొండు రూపాయలు తక్కువ. ఒకే కంపెనీ అంగడి అయినప్పుడు ఊరికో రేటు ఎట్ల పెడతారు, అసలు పెట్టొచ్చా?

ఇంకోటి, ఇది ఇంకా మంట. కందిపప్పు కింద ర్యాక్ మీద చీటీలో 134 అని ఉంది, రెండు కేజీలు తీసుకున్నా, ఇంటికొచ్చి చూస్తే బిల్లులో 141 పడింది. మరుసటి రోజు మళ్ళ పోయి అడిగితే బిల్లు కౌంటర్‌లో ఉండే పాప "చీటీ పాతది సార్, మార్చలేదు" అని పద్నాలుగు రూపాయలు చేతిలో పెట్టింది, సారీ కూడా ల్యా. నేను గమనించినా కాబట్టి సరే, నా వెనక క్యూలో ట్రాలీలు నింపుకుని నిలబడినోళ్ళ సంగతేంది?

జీఎస్టీ తగ్గించినాం అని టీవీలో చెప్పిందే చెప్పినారు, మరి నా నెల బిల్లు రెండేండ్ల కింద మూడువేల చిల్లర, ఇప్పుడు నాలుగున్నర. మేం అదే నలుగురం, అదే తిండి.

పాతూరు_అంగడాయన (అనంతపురం):

తమ్ముడూ, నేను పాతూరులో ఇరవై రెండేండ్లు కిరాణా అంగడి నడిపి మూసేసినోణ్ణి, మార్ట్ మీద నాకు ప్రేమ ఉంటాదని అనుకోవద్దు, అయినా న్యాయం న్యాయమే. నీ మొదటి ప్రశ్నకు జవాబు, పెట్టొచ్చు. ఎమ్మార్పీ అంటే అంతకు మించి అమ్మగూడదని మాత్రమే, కింద ఎంతకైనా అమ్ముకోవచ్చు, కర్నూల్లో 152 కు అమ్మి అనంతపురంలో 178 కే అమ్మినా ఎవరూ ఏం చేయలేరు. చేయగూడనిది ఏందంటే ఒకే సరుకు మీద రెండు ఎమ్మార్పీలు వేయడం. ముందు సినిమా హాల్లో ఒక నీళ్ళ బాటిల్, బయట ఒక బాటిల్, రెండిటి మీద వేరే వేరే రేట్లు అచ్చేసి అమ్ముతాండ్రి గదా, 2018 జనవరి 1 నుంచి అది బంద్ అయింది.

ఇంగ కందిపప్పు సంగతి వేరే. చీటీ మీద 134 రాసి 141 తీసుకుంటే, అది ఎమ్మార్పీ కంటే తక్కువే అయినా గానీ తప్పే. వాళ్ళు పెట్టిన రేటు లిస్టు కంటే ఎక్కువ తీసుకుంటే ఫిర్యాదు చేయొచ్చని 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది. 1915 కు ఫోన్ చేయి, టోల్ ఫ్రీ. ఎమ్మార్పీ దాటినా, తూకం తక్కువొచ్చినా అది తూనికలు కొలతల శాఖ పని. మా అంగడికి వచ్చి తూకంరాళ్ళకు ముద్రలు వేసి పోతాండ్రి, ఆ పొద్దు వాళ్ళకు టీ చెప్పడం నా డ్యూటీ. నీ కాడ రుజువు ఉండాల గదా మరి, చీటీ ఫోటో తీసి పెట్టుకున్నావా?

సీక్యాంపు_నివాసి (కర్నూలు):

లేదన్నా. బిల్లు మాత్రం ఉంది, అది కూడా ఇప్పుడు చూస్తే సగం తెల్లగా అయిపోయింది.

పాతూరు_అంగడాయన (అనంతపురం):

ఆ కాగితం అంతే, ఎండలో బండి మీద పెడితే సాయంత్రానికి మాయం. తీసుకున్న వెంటనే బిల్లుకు ఫోటో కొట్టు.

జొన్నరొట్టె_ఎర్రకారం (ఆదోని):

పద్నాలుగు రూపాయల కోసం మళ్ళ మార్ట్‌కు పోయి వచ్చినావా సామీ, పెట్రోలుకు ఎంతైంది?

మాజీ_బిల్లింగ్ (కర్నూలు):

నేను ఒక మార్ట్‌లో మూడేండ్లు పనిచేసినా, ఏదని అడగొద్దు, ఇప్పుడు వేరే లైన్‌లో ఉన్నా. ఊరికో రేటు ఎట్ల వస్తాదో నేను చెప్తా.

వారానికి రెండుసార్లు మా మేనేజరు ఒక లిస్టు ఇచ్చి చుట్టుపక్కల అంగళ్ళకు పంపేవాడు. కస్టమర్ మాదిరి బుట్ట పట్టుకుని తిరిగి వాళ్ళ రేట్లు చూసుకుని రావాల. సెల్‌తో ఫోటో తీస్తే పట్టుకుంటారని అరచేతిలో బాల్‌పెన్‌తో రాసుకునేవాణ్ణి, ఎండాకాలం చెమటకు నూనె రేటు చక్కెర రేటు కలిసిపోయి ఒకసారి తిట్లు కూడా తిన్నా. ఆ రేట్లు పైకి పంపితే మరుసటి రోజుకు మా దాంట్లో రూపాయో రెండు రూపాయలో తగ్గేది. మా పక్కన పోటీ ఎవరూ లేకుంటే తగ్గేది కాదు, అంతే. అనంతపురంలో మీ అక్క వాళ్ళ మార్ట్ దగ్గర సబ్బుపొడి తక్కువకు అమ్మే హోల్‌సేల్ అంగడి ఏదో ఉండి ఉంటాది, చూడమనండి.

ఇంగ ఆ లిస్టులో ఏముంటాయంటే నూనె, చక్కెర, కందిపప్పు, గోధుమపిండి, సబ్బుపొడి, పిల్లల పాల పొడి. అంటే జనానికి నోటికొచ్చే రేట్లు అన్నమాట. చక్కెర కేజీ ఎంత అని ఎవర్ని అడిగినా చెప్తారు, జీలకర్ర నూరు గ్రాములు ఎంత అని అడిగితే మా అమ్మ కూడా చెప్పలేదు. చక్కెర దగ్గర రెండు రూపాయలు పోగొట్టుకుని జీలకర్ర, యాలకులు, బాదం, ప్లాస్టిక్ డబ్బాలు, బనియన్లు, దుప్పట్ల మీద లాగుతారు. అందుకే సరుకుల దగ్గరికి పోవాలంటే ఆ డబ్బాల మధ్యలోనుంచే పోవాల.

చీటీ సంగతి, దాంట్లో మోసం కంటే సోమరితనమే ఎక్కువ అని నా అనుభవం. రేటు సిస్టమ్‌లో రాత్రే మారిపోతాది, పొద్దున్నే చీటీలు మార్చాల్సింది మాలాంటి పిల్లోళ్ళు, ముగ్గురు రావాల్సిన చోట ఒకడు వస్తాడు. రేటు తగ్గినప్పుడు కూడా పాత చీటీనే ఉంటాది, కాకపోతే తగ్గిందని ఎవరూ వచ్చి కొట్లాడరు గదా.

జొన్నరొట్టె_ఎర్రకారం (ఆదోని):

సోమరితనం అయితే సగంసార్లు మనకు లాభం రావాల, నా పన్నెండేండ్లలో ఒక్కసారి రాలేదు మరి.

మాజీ_బిల్లింగ్ (కర్నూలు):

రేట్లు తగ్గేదే తక్కువన్నా, పెరిగేవే ఎక్కువ. అందుకే అట్ల కనిపిస్తాది.

కడప_క్యాలెండర్ (కడప):

నేను గోడ క్యాలెండర్ వెనక రేట్లు రాసుకునే రకం, మా ఆయన నవ్వుతాడు గానీ నెలాఖరులో ఆయనే వచ్చి అడుగుతాడు. బాబూ మీరు మొత్తం బిల్లు చూసి బాధపడతా ఉండారు, కేజీకి ఎంత పడింది చూడండి. నాకు జరిగిందే చెప్తాను.

లీటరు సన్‌ఫ్లవర్ అంటే ప్యాకెట్ మీద 910 గ్రాములు అని ఉండాలి. పోయిన ఏడు మా ఇంటి దగ్గర మార్ట్‌లో పక్కపక్కనే రెండు ప్యాకెట్లు, ఒకటి 152, ఇంకోటి 146. చూడ్డానికి రెండూ ఒకటే సైజు, నేను తెలివైనదాన్ని అనుకుని 146 వి నాలుగు వేసుకున్నా. ఇంట్లో డబ్బాలో పోస్తే ఎప్పుడూ అంచు దాకా వచ్చేది కిందనే ఆగింది. అప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే 850 గ్రాములు! లెక్క వేస్తే 152 ది కేజీ 167 పడుతుంది, 146 ది 171 దాటుతుంది. ఆరు రూపాయలు మిగిలిందని సంబరపడి కేజీకి నాలుగైదు ఎక్కువ ఇచ్చినా. ముందు నూనె, బిస్కెట్, టీ పొడి లాంటివి ఇన్ని గ్రాముల్లోనే అమ్మాలని సైజులు ఉండేవి, 2022 లో ఆ రూలు తీసేసినారు, అప్పట్నుంచి 870, 850, 800 ఎవరిష్టం వాళ్ళది. దానికి బదులు గ్రాము ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయమన్నారు, వేస్తున్నారు కూడా, కానీ అది ఎమ్మార్పీ మీద లెక్క, మార్ట్ రేటు మీద కాదు. కాబట్టి మన లెక్క మనమే వేసుకోవాల.

బియ్యం మార్ట్‌లో కొననే కొనను. ఎందుకంటే 25 కేజీల వరకు లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ, 2022 జులై 18 నుంచి. అందుకే బియ్యం అంగళ్ళలో ఇప్పుడు 26 కేజీల బ్యాగులు, దానికి ట్యాక్స్ లేదు. ఆ ఒక్క కేజీ ఎందుకు ఎక్కువ ఉందా అని నేను చాలా రోజులు ఏదో ఆఫర్ అనుకున్నా. సోనా మసూరి పాతవి ఒక బ్యాగు దింపిస్తే మా ఇద్దరికీ నెలన్నర పైన వస్తాయి, ఇంటిదాకా తెచ్చి లోపల వేసి పోతాడు, మార్ట్ వాడు గేటు దాకా కూడా రాడు.

చింతపండు ఉగాది ముందర కొత్తది వచ్చినప్పుడే ఏడాదికి, మా చెల్లెలు హిందూపురం నుంచి పంపిస్తుంది. కూరగాయలు రైతు బజారే. 2024 జులైలో కందిపప్పు బాగా పెరిగినప్పుడు రైతు బజార్లలో కౌంటర్ పెట్టి 160 కి ఇచ్చినారు గుర్తుందా, గంట నిలబడి తెచ్చుకున్నా. మార్ట్‌లో నేను కొనేది సబ్బులు, పేస్ట్, షాంపూ, సబ్బుపొడి, ఇంక బయట దొరకని ఒకటో రెండో. అవి నిజంగానే తక్కువ, ఆ మాట చెప్పకుంటే పాపం.

సీక్యాంపు_నివాసి (కర్నూలు):

అక్కా 850 గ్రాముల మాట చదివి లేచిపోయి వంటింట్లో చూసినా. మాది 910 ఏ, బతికినా. కానీ బియ్యం మాత్రం ఇన్నాళ్ళూ 5 కేజీల ప్యాకెట్లే తెస్తాండా, నెలకు ఐదు. ట్యాక్స్ సంగతి నాకు తెలీనే తెలీదు.

జీఎస్టీ తగ్గింది అన్న ప్రశ్నకు ఎవరూ చెప్పలేదు.

పాతూరు_అంగడాయన (అనంతపురం):

చెప్తా ఆగు, అన్నం తిని వచ్చినా. 2025 సెప్టెంబర్ 22 నుంచి తగ్గింది నిజమే, ఒంటిసబ్బు, పేస్ట్, షాంపూ, తలనూనె, బిస్కెట్లు 18 నుంచి 5 కి వచ్చినాయి, నెయ్యి, వెన్న 12 నుంచి 5 కి. కానీ నీ బిల్లులో బరువు దేంది? నూనె, పప్పు, బియ్యం, గోధుమపిండి. నూనెకు ముందునుంచీ 5 శాతమే, మిగతావాటికి ప్యాకెట్ అయితే 5 శాతం, లూజుగా తీసుకుంటే సున్నా, తగ్గడానికి ఏముంది అక్కడ. బట్టల సబ్బుపొడి 18 లోనే ఉంది. అంటే నీకు తగ్గింది పేస్ట్ మీద, ఒంటిసబ్బు మీద, నెలకు ఎన్ని పేస్టులు తింటావు నువ్వు?

నూనె కథ వేరే. సన్‌ఫ్లవర్ మన దేశంలో వాడేదాంట్లో ఎక్కువ భాగం బయటనుంచే రావాల, రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనా. 2022 లో యుద్ధం మొదలైనప్పుడు నా అంగట్లో ఒక్క వారంలో మూడు రేట్లు మార్చినా, జనం నన్ను తిట్టినారు, నేను డిస్ట్రిబ్యూటర్‌ను తిట్టినా. తరవాత 2024 సెప్టెంబర్‌లో ముడి వంటనూనె దిగుమతి మీద సుంకం, సెస్సులతో కలిపి ఐదున్నర శాతం నుంచి ఇరవై ఏడున్నరకు పెంచినారు, మన రైతుకు రేటు రావాలని. 2025 మే ఆఖర్లో దాన్ని పదహారున్నరకు దించినారు. ఎక్కినప్పుడు ప్యాకెట్ మీద నాలుగు రోజుల్లో కనపడింది, దిగింది మాత్రం నాకైతే సరిగ్గా కనపళ్ళా.

విడ్డూరం ఏందంటే అనంతపురం అంతా శెనక్కాయ పంట, ఇక్కడ కూర్చుని ఉక్రెయిన్ నూనెతో ఉగ్గాని తాలింపు పెడతాండాం. గానుగ నూనె తెచ్చుకుందామంటే రేటు చూసి మళ్ళ సన్‌ఫ్లవర్‌కే వస్తాం.

నేను అంగడి ఎందుకు మూసేసినానో కూడా చెప్తా, అడక్కపోయినా. కంపెనీ సరుకు మీద నాకు మిగిలేది నూటికి ఎనిమిదో పదో. నా పక్క సందులో మార్ట్ వాడు అదే సరుకును నాకు డిస్ట్రిబ్యూటర్ ఇచ్చే రేటు కంటే తక్కువకు అమ్ముతాండ్య, ఒక పండగప్పుడు నేనే సిగ్గిడిచి అక్కడికి పోయి సబ్బులు రెండు పెట్టెలు కొనుక్కొచ్చి నా అంగట్లో పెట్టి అమ్మినా. నెలాఖరున చేతిలో డబ్బుల్లేనప్పుడు మాత్రం అందరూ నా దగ్గరికే, ఖాతా పుస్తకం నా దగ్గరే ఉండ్య గదా. ఆ పుస్తకం ఇంకా ఉంది, దాంట్లో ముప్పై ఆరువేలు రావాల్సి ఉంది, రావు.

మాజీ_బిల్లింగ్ (కర్నూలు):

అంగడాయన చెప్పింది నిజం. మా దగ్గరికి చిన్న అంగళ్ళోళ్ళు శనివారం పొద్దున్నే వచ్చి నూనె కార్టన్లు తీసుకుపోయేవాళ్ళు, అందుకే "ఒకరికి నాలుగే" అని బోర్డు పెట్టినారు.

సీక్యాంపు_నివాసి (కర్నూలు):

ఈ ఆదివారం అప్‌డేట్. బియ్యం 26 కేజీల బ్యాగు పాతబస్తీ దగ్గర బియ్యం అంగట్లో తెచ్చినా. కేజీకి లెక్క వేస్తే నా 5 కేజీల ప్యాకెట్ కన్నా ఆరు రూపాయలు తక్కువ పడింది. కూరగాయలు సీ క్యాంపు రైతు బజార్, ఇంటి ముందరే పెట్టుకుని ఇన్నాళ్ళూ మార్ట్‌లో ఏసీ కింద టమాటాలు ఏరతాంటి. నూనె, చక్కెర, సబ్బులకు మార్ట్. ఈసారి ప్రతి చీటీకీ ఫోటో తీసుకుంటా పోయినా, ఒక సెక్యూరిటీ అతను నా వెనకనే తిరిగినాడు, నేను ఇంకో మార్ట్ మనిషిని అనుకున్నాడేమో. ఉద్దిపప్పు దగ్గర మళ్ళ తేడా వచ్చింది, మూడు రూపాయలు, ఈసారి కౌంటర్ దగ్గరే ఫోటో చూపిస్తే తీసేసినారు. మొత్తం 3,980. అక్కకు లెక్కలన్నీ పంపిస్తే "నీకు పనేం లేదా" అనింది, తరవాత రాత్రి పదింటికి వాళ్ళ నూనె ప్యాకెట్ వెనకవైపు ఫోటో పెట్టింది. 870 గ్రాములు.

జొన్నరొట్టె_ఎర్రకారం (ఆదోని):

అదంతా సరే, ప్లాస్టిక్ డబ్బాలు ఎన్ని తెచ్చినావో అది చెప్పు.

సీక్యాంపు_నివాసి (కర్నూలు):

మూడు. ఒకదానికి మూత పట్టడం ల్యా.