యాంటీబయాటిక్స్ తర్వాత అమ్మ కడుపు కుదుటపడాలంటే ఏం పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది గుంటూరు, బ్రాడీపేట. యూరిన్ ఇన్ఫెక్షన్‌కి యాంటీబయాటిక్స్ వాడినప్పటి నుంచి అమ్మకి కడుపుబ్బరం, ఆకలి మందగించింది, నిద్ర కూడా సరిగ్గా పట్టట్లేదు. భయపడాల్సిందేమీ లేదన్నారు డాక్టరు గారు. ఈ మందులు పేగుల్లోని మంచి బ్యాక్టీరియానీ చంపుతాయట. నిద్ర, మూడ్ మీద ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనం ఒంట్లో దాదాపు 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది గానీ, అది నేరుగా మెదడుకి చేరదని చదివాను. మరి నిద్ర చెడటానికి కడుపే కారణమా?

రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెట్టి, పొద్దున్నే ఉల్లిపాయతో పెడుతున్నాను. గోంగూర పచ్చడి ఆపేశాను, పాపం అది లేకపోతే అమ్మకి ముద్ద దిగదు. మన ఎండలకి తోడన్నం తెల్లారేసరికి బాగా పులిసిపోతోంది, పెట్టొచ్చా? పీచు కోసం కొర్రలు, చిక్కుళ్లు ఒక్కసారే పెంచితే ఉబ్బరం ఎక్కువవుతుందా? పెరుగు చాలా, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ కూడా కావాలా? ఇంట్లో పెద్దవాళ్లకి ఇలా అయి తగ్గినవాళ్లు, డైటీషియన్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.