వింటేజ్ షాంపేన్ పొంగకుండా తెరవడం ఎలా?

ప్రశ్న: 2008 వింటేజ్ షాంపేన్ (ఆ ఒక్క ఏడాది ద్రాక్షతో చేసింది) ఉంది. ఎంత చల్లగా ఉంచాలి, ఎలా తెరవాలి అండీ?

జవాబు 1: 10 డిగ్రీలు చాలు. మరీ చల్లబడితే పాత వైన్ వాసన తెలియదు. వెచ్చగా ఉన్నా, కుదిపినా పొంగడం ఖాయం. కార్క్‌ను బిగించి ఉన్న తీగను ఆరు అరచుట్లు తిప్పి వదులు చేయండి, కార్క్ మీంచి బొటనవేలు తీయొద్దు. సీసా కాస్త వాల్చి, కార్క్ గట్టిగా పట్టుకుని సీసానే తిప్పాలి. "టప్" మనకూడదు, "స్‌స్" అంటే చాలు.

జవాబు 2: లోపల దాదాపు 6 బార్ల పీడనం (బయటి గాలి పీడనానికి సుమారు ఆరు రెట్లు) మరి! లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర, ఈస్టు వేసి సీసాలోనే రెండోసారి పులియబెడతారు. వింటేజ్‌ని కనీసం 3 ఏళ్లు సెల్లార్‌లో (చల్లని నేలమాళిగలో) ఉంచక తప్పదు, మామూలుదానికి 15 నెలలే.

ప్రశ్నించినవారు: ఫ్లూట్ గ్లాసులో (పొడవుగా, సన్నగా ఉండేది) పోయొచ్చా?

జవాబు 1: వద్దండీ, తులిప్ పువ్వు ఆకారంలో ఉండే తులిప్ గ్లాసు. సగం దాకే.