ఎవరెస్ట్ ఎవరింటి పేరు?

మొన్న మన సమూహంలో ఒక సభ్యురాలు ఒక ప్రశ్న వేశారు. వాళ్ల అబ్బాయికి బడిలో 'ఎవరెస్ట్' అనే మాటను ఎవర్, రెస్ట్ అని రెండుగా విడగొట్టి, 'నిత్య విశ్రాంతి' అని అర్థం చెప్పారట. అది నిజమేనా అని ఆవిడ సందేహం. కింద వచ్చిన జవాబుల్లో సగం అవునన్నాయి. ఒకాయన అయితే మంచుకొండ మీద తపస్సులో ఉన్న శివుణ్ణి కూడా దీనికి సాక్ష్యంగా పిలిచారు. మాట ఇంగ్లీషులో కనిపించగానే దాన్ని ఇంగ్లీషు ముక్కలుగా తరిగి చూడటం మనకు అలవాటైపోయింది.

ఆ విడగొట్టుడు తప్పు. ఎవరెస్ట్ ఒక ఇంటిపేరు, అదీ ఇంగ్లండులో అరుదుగా కనిపించే ఇంటిపేరు. భారత సర్వేయర్ జనరల్‌గా పనిచేసి 1843లో పదవి విరమించిన జార్జ్ ఎవరెస్ట్‌ది. ఇంతవరకు చాలామందికి తెలుసు. చర్చ అక్కడితో ఆగిపోవడమే నాకు నచ్చలేదు. ఆయనకైనా ఆ పేరు ఎక్కడినుంచి వచ్చింది?

ఇంటిపేర్ల నిఘంటువులు దీన్ని ఫ్రాన్సులో నార్మండీ ప్రాంతపు ఎవ్రూ అనే పట్టణానికి తీసుకుపోతాయి. ఎవ్రూ ఇప్పుడు యూర్ అనే జిల్లాకు ముఖ్యపట్టణం. ఫ్రెంచి రాతలో ఆ పేరు చివర ఎక్స్ అనే అక్షరం ఉంటుంది, దాన్ని నేడు ఎవరూ పలకరు. నార్మన్లు 1066లో ఇంగ్లండును గెలిచిన కాలంలో మాత్రం ఆ చివర 'స్' ధ్వని వినిపించేది. ఆ గెలుపు తెచ్చిన హేస్టింగ్స్ యుద్ధంలో నార్మన్ల నాయకుడు విలియం పక్షాన పోరాడినవారిలో ఎవ్రూ ప్రభువుల వంశీకుడు ఒకడున్నాడు. అయితే ఈ ఇంటిపేరున్న వాళ్లందరూ ఆ ప్రభువు సంతతి అనుకోనక్కరలేదు. ఆ ఊరి నుంచి వచ్చిన సైనికుడు, వర్తకుడు, గుర్రాలు కాసేవాడు, ఎవరైనా సరే, కొత్త దేశంలో 'ఎవ్రూ వాడు' అయ్యాడు.

మనకు ఇది కొత్తేమీ కాదు. నండూరు నుంచి వచ్చినవారు నండూరివారు, దువ్వూరు నుంచి వచ్చినవారు దువ్వూరివారు. ఊరు 'ఊరి'గా మారితే చాలు, ఇంటిపేరు తయారు. సొంత ఊళ్లో ఉన్నంతకాలం ఊరి పేరుతో ఎవరూ పిలవరు, అక్కడ అందరిదీ ఆ ఊరే కదా. ఊరు విడిచాకే ఊరు ఇంటిపేరవుతుంది. మనం విభక్తిని పేరు చివర పెట్టుకున్నాం, నార్మన్లు 'ఫలానా ఊరి' అనే అర్థమిచ్చే 'ద' అనే ముక్కను పేరు ముందు పెట్టుకున్నారు. తేడా అంతే.

కథ మలుపు తిరిగింది ఆ 'ద' దగ్గరే. కొన్ని కుటుంబాలు దాన్ని వదలకుండా పేరుకు అతికించుకున్నాయి. అలా పుట్టిందే డెవరూ అనే ఇంటిపేరు. వేల్స్ సరిహద్దులోని హియర్‌ఫర్డ్‌షైర్‌లో స్థిరపడిన డెవరూలు క్రమంగా పెద్ద జమీందార్లయ్యారు, ఎసెక్స్ ప్రభువులయ్యారు. మొదటి ఎలిజబెత్ రాణికి ఎంతో ఇష్టుడై, చివరికి ఆమె మీదే తిరగబడి 1601లో తల పోగొట్టుకున్న రాబర్ట్ డెవరూ ఈ వంశం వాడే. మరికొన్ని కుటుంబాలు 'ద'ను వదిలేశాయి. మిగిలిన ముక్క ఎవెరస్, ఎవెరిస్ వంటి రూపాల్లో నలిగి, చివర ఒక 'ట్' తగిలించుకుంది. ఇంగ్లీషులో 'స్' తో ముగిసే మాటకు ఇలా 'ట్' వచ్చి అంటుకోవడం కొత్త కాదు. ఎగెనెస్ట్, అమంగ్‌స్ట్, వైల్‌స్ట్ అనే మాటలు మూడూ ఒకప్పుడు 'ట్' లేనివే. ఎవరెస్ట్ చివరి 'ట్' కూడా ఆ బాపతుదే. కాబట్టి అందులో 'రెస్ట్' వెతకడం అంటే, ఎవరో మరిచిపోయి వదిలిన చెప్పును చూసి అక్కడ గుడి ఉందనుకోవడమే.

ఇంకాస్త వెనక్కి వెళ్తే సరదాగా ఉంటుంది. ఎవ్రూ అనే పేరు ఎబురోవికీలు అనే గాలిక్ తెగ, అంటే రోమన్ల కాలంలో ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న ఒక తెగ, పేరు మీద వచ్చింది. జూలియస్ సీజర్ తన గాల్ యుద్ధాల వృత్తాంతంలో ఈ తెగను ప్రస్తావించాడు. ఎబురో అంటే గాలిక్ భాషలో 'యూ' చెట్టు అని భాషావేత్తలు చెబుతారు. ఇంగ్లండులో చర్చి స్మశానాల్లో నల్లగా, ముసలిగా కనిపించేది ఆ చెట్టే. పాతకాలపు పొడవాటి విల్లు చేసింది కూడా దాని కలపతోనే. బ్రిటన్‌లో రోమన్లు ఎబొరాకమ్ అని పిలిచిన నగరం పేరులో కూడా ఇదే ధాతువు ఉందని చాలామంది ఒప్పుకుంటారు. ఎబొరాకమ్ అరిగి అరిగి యార్క్ అయింది, యార్క్ సముద్రం దాటి న్యూయార్క్ అయింది. అంటే ఎవరెస్ట్‌కూ న్యూయార్క్‌కూ చుట్టరికం ఉంది. ఈ చెట్టు హిమాలయ జాతి ఒకటి నేపాల్ కొండ అడవుల్లో పెరుగుతుంది. అదొక్కటి మాత్రం కాకతాళీయమే. దాన్నుంచి ఎవరూ సిద్ధాంతం లాగవద్దని మనవి!

ఇక ఈ పేరు ఎక్కడ బతికింది అన్న సంగతి. 1881 జనాభా లెక్కల్లో చూస్తే ఇంగ్లండు ఆగ్నేయ మూలలోని కెంట్ ఈ పేరుకు పుట్టిల్లు లాంటిది. కెంట్‌ను ఆనుకుని ఉన్న సర్రే, ససెక్స్, లండన్‌లలో కొంత విస్తరించింది. ఉత్తరాదిన అరుదు. స్మిత్ అనే పేరు దేశమంతా ఎందుకుందంటే, కమ్మరి లేని ఊరు లేదు కనుక. వందల చోట్ల విడివిడిగా పుట్టిన పేరది. ఊరి పేరు నుంచి పుట్టి, ఇంతగా రూపు మారిన ఇంటిపేరు అలా కాదు. ఒకటి రెండు కుటుంబాల్లో ఆ రూపం నిలిచిపోయి, వాళ్ల పిల్లలు, మనుమలు చుట్టుపక్కల పల్లెలకే పెళ్లిళ్లకూ పనులకూ వెళ్తూ అక్కడక్కడే విస్తరిస్తారు. ఇంగ్లండులో చర్చి పుస్తకాల్లో నామకరణాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాయాలని 1538లో ఆజ్ఞ వచ్చింది. అప్పటినుంచి ఇలాంటి పేర్ల జాడ పట్టడం సులువు. ఒక పేరు పటంలో ఒకచోటే చిక్కగా కనబడితే మూలం అక్కడికి దగ్గరలోనే ఉందని పరిశోధకులు మొదట ఊహించేది అందుకే.

జార్జ్ ఎవరెస్ట్‌ను 1791లో గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫీజ్ చర్చిలో నామకరణానికి తీసుకెళ్లారు. ఈనాడు గ్రీనిచ్ లండన్‌లో భాగం కానీ, 1889 దాకా అది కెంట్‌దే. ఆయన తండ్రి న్యాయవాది. పూర్వీకుల్లో గ్రీనిచ్‌లో మాంసం కొట్టు నడిపినవారున్నారు. ఒకే ఊరి పేరుతో డెవరూలు ప్రభువులైతే, ఎవరెస్టులు కసాయి కొట్టు నడిపారన్నమాట. ఇంటిపేరుతో హోదా లెక్కలు వేసేవాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

కెంట్ బంధానికి నాకు ఇష్టమైన సాక్ష్యం మరొకరు. విన్‌స్టన్ చర్చిల్‌ను పసివాడిగా పెంచిన ఆయా ఎలిజబెత్ ఎవరెస్ట్. ఆమె కెంట్‌లోని చాటమ్‌లో పుట్టింది. పెళ్లి కాకపోయినా, ఆ ఇళ్లలో పెద్ద ఆయాలకు ఇచ్చే మర్యాద ప్రకారం ఆమెను మిసెస్ ఎవరెస్ట్ అనే పిలిచేవారు. కెంట్‌ను మించిన సీమ లేదని, మెయిడ్‌స్టన్ చుట్టూ స్ట్రాబెర్రీలు, చెర్రీలు, రేగు పళ్ల వంటి ప్లమ్ పళ్లు విరగకాస్తాయని పిల్లవాడికి చెప్పేదట. ఆమె 1895లో చనిపోయింది. తర్వాత చర్చిల్ ఇల్లు కొనుక్కున్నది కూడా కెంట్‌లోనే.

సముద్రం దాటిన ఎవరెస్టులూ ఉన్నారు. అమెరికాలో వాక్యూమ్ ఆయిల్ కంపెనీని 1866లో స్థాపించినవారిలో హైరమ్ బాండ్ ఎవరెస్ట్ ఒకడు. ఆ కంపెనీయే తర్వాత మోబిల్‌లో కలిసింది. కాన్సాస్ రాష్ట్రంలో ఎవరెస్ట్ అనే చిన్న ఊరు కూడా ఉంది, ఎటు చూసినా మైదానమే.

పేరు అరుదైనప్పుడు దాన్ని నిలబెట్టుకోవాలనే తపన కూడా ఎక్కువ. జార్జ్ తమ్ముడి కూతురు మేరీ ఎవరెస్ట్. ఆమె భర్త జార్జ్ బూల్. కంప్యూటర్ చదివినవాళ్లకు బూలియన్ అనే మాట తెలుసు కదా, ఆ బూల్ ఈయనే. మేరీ పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరు వదలకుండా మేరీ ఎవరెస్ట్ బూల్‌గానే పుస్తకాలు రాసింది, కూతుళ్లలో ఒకరికి లూసీ ఎవరెస్ట్ బూల్ అని పెట్టింది. వాళ్ల మునిమనుమడి కొడుకు, కృత్రిమ మేధకు పునాదులు వేసినవారిలో ఒకడిగా 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జెఫ్రీ ఎవరెస్ట్ హింటన్. ఇంటిపేరు కాస్తా పేరు మధ్యలోకి జరిగి, ఆడపిల్లల వైపు నుంచి ఇంతదూరం వచ్చింది.

ఇప్పుడు ఉచ్చారణ. అసలు ఈ చర్చలో మన సమూహం పట్టించుకోవలసింది ఇదే. జార్జ్‌గారి కుటుంబం తమ పేరును 'ఎవరెస్ట్' అనలేదు. మొదటి అచ్చు దీర్ఘం: ఈవ్‌రెస్ట్. శిఖరానికి ఆయన పేరు పెట్టాలని 1856లో ప్రతిపాదించింది ఆయన తర్వాత సర్వేయర్ జనరల్ అయిన ఆండ్రూ వా. అప్పటిదాకా లెక్కల పుస్తకాల్లో దాని పేరు పదిహేనో శిఖరం. అది అన్నిటికన్నా ఎత్తైనదని తేల్చిన లెక్కలు సర్వే శాఖలో గణకుడైన రాధానాథ్ సిక్‌దార్‌వి. స్థానికులు వాడే పేరునే పటాల్లో రాయాలన్నది సర్వే శాఖ పద్ధతి. దాన్ని జార్జ్ ఎవరెస్ట్ గట్టిగా పాటించేవాడు. అందుకే తన పేరు పెడతామంటే 1857లో ఆయనే అభ్యంతరం చెప్పాడు. ఆ పేరును పారసీలో గాని హిందీలో గాని రాయడం కుదరదని, భారతీయులు పలకలేరని ఆయన వాదన. అయినా 1865లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆ పేరునే ఖాయం చేసింది. మరుసటి ఏడాది ఆయన కన్నుమూశాడు.

పారసీ, హిందీల విషయంలో ఆయన మాటలో పస ఉంది. పారసీ లిపిలో హ్రస్వాచ్చులు మామూలుగా రాయరు. దేవనాగరిలో హ్రస్వ 'ఎ' లేదు, అందుకే ఇప్పటికీ హిందీలో దాన్ని దీర్ఘ 'ఏ'తో రాస్తారు. కానీ ఆయన తెలుగును లెక్కలోకి తీసుకోలేదు. మనకు ఎ, ఏ, ఇ, ఈ నాలుగూ వేర్వేరు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువులోనూ ఎ, ఏ వేర్వేరుగానే ఉన్నాయి. ఈవ్‌రెస్ట్ అని రాయాలన్నా, ఎవరెస్ట్ అని రాయాలన్నా మన లిపికి ఇబ్బంది లేదు.

తెలుగు నేల ఆయనకు తెలియనిదేమీ కాదు. 1818లో భారతదేశపు పెద్ద సర్వేను నడుపుతున్న విలియం లాంబ్టన్‌కు సహాయకుడిగా వచ్చి చేరింది నిజాం రాజ్యంలోని హైదరాబాదులోనే. మరుసటి ఏడాది కృష్ణా గోదావరుల మధ్య యెల్లాపురం అడవుల్లో కొలతలు తీస్తూ విషజ్వరం పడి, కోలుకోవడానికి 1820లో గుడ్‌హోప్ అగ్రానికి వెళ్లవలసి వచ్చింది. అంత తిరిగినా జనం తనను 'కంపాస్‌వాలా' అని పిలిస్తే ఆయనకు చిర్రెత్తేదట. పేర్ల దగ్గర మనిషికి పట్టింపు ఎక్కువే. చివరికి ఆయన పేరును తప్పుగా పలికింది మాత్రం ఆయన దేశస్థులే. మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నాం.

వ్యాఖ్యల్లో వచ్చిన వాటికి ఇక్కడే బదులు.

గౌరీశంకరమే ఎవరెస్టు కదా అన్నవారికి: కాదండీ. 19వ శతాబ్దం మధ్యలో ష్లాగింట్‌వైట్ సోదరులనే జర్మన్ అన్వేషకులు చేసిన పొరపాటు అది. 1903లో సర్వే అధికారి హెన్రీ వుడ్ నేపాల్ వెళ్లి రెండూ వేర్వేరు కొండలని తేల్చాడు. గౌరీశంకరం ఎత్తు 7,134 మీటర్లే. పాత పుస్తకాలు చదివేవాళ్లు ఈ గందరగోళాన్ని గుర్తుంచుకోవాలి.

హియర్‌ఫర్డ్‌షైర్‌లో సెయింట్ డెవరూ అనే గ్రామం ఉంది కాబట్టి ఈ ఇంటిపేరుతో ఒక సాధువు కూడా ఉండి ఉంటాడన్నవారికి: అది డబ్రీషియస్ అనే వేల్స్ సాధువు పేరు. వెల్ష్ రూపం దువ్రిగ్. పక్కనే డెవరూలు పెద్ద మనుషులుగా ఉండటంతో జనం నోట అటు ఒరిగింది. 'ఎవర్ రెస్ట్' కూడా ఇదే జబ్బు.

టిబెట్‌వారి చోమోలుంగ్మా, నేపాల్‌వారి సాగర్‌మాథా ఉండగా ఈ పేరెందుకు అన్నవారితో నాకు పేచీ లేదు. సాగర్‌మాథా 20వ శతాబ్దంలో పెట్టిన పేరు, చోమోలుంగ్మా మాత్రం 18వ శతాబ్దపు ఫ్రెంచి పటాల్లోనే ఉంది. శిఖరానికి స్థానికంగా పేరు దొరకలేదన్న ఆండ్రూ వా మాట అందుకే నిలవదు.

ఎవరెస్ట్, ఎవరెస్టు: ఏది రాయాలి? 2014లో మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే శిఖరం ఎక్కినప్పుడు పత్రికల్లో రెండు రూపాలూ వచ్చాయి. నా ఓటు 'ఎవరెస్టు'కే. విభక్తి చేర్చగానే ఎవరెస్టును, ఎవరెస్టుపై, ఎవరెస్టుకు అని ఎలాగూ ఉకారం వచ్చి కూర్చుంటుంది. మనిషి గురించి రాసేటప్పుడు మాత్రం ఆయన ఇంట్లో దాన్ని 'ఈవ్‌రెస్ట్' అనేవారని ఒక్కసారి చెప్పి, తర్వాత పత్రికల పద్ధతినే పాటించవచ్చు. ఎన్‌టీఆర్, ఏఎన్నార్ కాలపు భూగోళం పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉంటే, అందులో ఈ పేరు ఎలా రాశారో ఫొటో తీసి పెట్టండి.